లారీ వరుసలో రెండో చోటు

ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, చేతులు భుజం దాటి పైకి లేపకూడదు అని చెన్నైలో డాక్టరమ్మ చెప్పింది. కూర్చుని చేసే పనైతే రెండు వారాలకు మొదలుపెట్టుకోవచ్చట. మాది అండమాన్‌లో రంగత్ బజారులో కిరాణా కొట్టు అనీ, అక్కడ కూర్చునే పనికీ ఎత్తే పనికీ మధ్య గోడలుండవనీ ఆవిడకు చెప్పలేదు. చెప్తే ఆపరేషన్ వాయిదా వేస్తుందేమోనని అనుమానం.

ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక నా రొమ్ములు ఖాళీ సంచుల్లా అయ్యాయి. పదేళ్లు ఆలోచించి ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. నిజం మా ఆయనకు మాత్రమే తెలుసు. ఇంట్లో మిగతావాళ్లకు ఎడమ రొమ్ములో గడ్డ తీయించుకుంటున్నానని చెప్పాను. ఆ అబద్ధానికి సిగ్గుపడను. ఈ బజారు ఎలా నవ్వుతుందో నాకు తెలుసు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు నా చెప్పులు చూసి నవ్విన ముగ్గురు ఆడవాళ్లు ఎవరో ఇప్పటికీ చెప్పగలను.

మగవాళ్లు కాంట్రాక్టు పనుల మీద డిగ్లీపూర్ వైపు తిరుగుతుంటారు. కొట్టు చూసుకునేది మేం ముగ్గురు తోటికోడళ్లం. పెద్దావిడను నేను అక్కా అంటాను. చిన్నది ఏడాది కిందటే పెళ్లై వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి సరుకు లారీ వస్తే, కూలీలు ఎంతమంది ఉన్నా ఇంటివాళ్లం కూడా వరుసలో నిలబడి చేతి నుంచి చేతికి అందించాలి. అది మా మామగారు పెట్టిన పద్ధతి. లారీ దగ్గర మొదటి చోటు అక్కది, రెండోది నాది. రెండో చోట్లో నిలబడే మనిషిదే పొద్దుట పూట గల్లాపెట్టె దగ్గర కుర్చీ.

ఆ చోట్లో వేరొకరు కుదురుకుంటే ఇక అది వాళ్లదే. నాకూ అలాగే వచ్చింది. అది ఒకప్పుడు మా ఆడపడుచుది. ఆమె కాలు విరిగి మంచాన పడితే, బాగయ్యేదాకానే అని నిలబడ్డాను. కాలు బాగయి వచ్చింది. నేను జరగలేదు. తర్వాత వాళ్లు ప్రోతరాపూర్ వెళ్లిపోయారు. ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

అందుకే మూడో వారంలో కొట్టుకు తిరిగి వచ్చిన రోజు ముందు అరలు చూశాను. అనుకున్నంతా అయింది. పై అరలో నేను పేర్చుకున్న టీ పొడి, బిస్కెట్లు, సబ్బులు నడుం ఎత్తుకు దిగిపోయాయి. పైన అక్క సరుకు, పేపరు ప్లేట్ల కట్టలు కూర్చున్నాయి. ఎందుకు మార్చావంటే ఎలకలంది. పై అర ఎక్కి, నడుం ఎత్తు అరను వదిలేసే ఎలకలు ఏ ద్వీపంలో ఉన్నాయో నాకు తెలియదు. నా వైపు ఆక్రమణ మొదలైందని అర్థం చేసుకున్నాను.

ఆమె చూపు కూడా నాకు నచ్చలేదు. నా పైటనూ, దండెం మీద నేను ఆరేసిన తువ్వాలునూ చూసేది. ఒకసారి గడ్డ రిపోర్టు అడిగింది. డాక్టరు దగ్గరే ఉందన్నాను. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేది.

ఆ వారం లారీ వచ్చింది. నేను కుర్చీలోంచి చూస్తున్నాను. వరుసలో నా చోటు ఖాళీగా ఉంది. చిన్నది దాని వెనక తన చోట్లోనే నిలబడింది. అక్క ఒక్కో బస్తా అందుకుని మూడడుగులు నడిచి చిన్నదానికి ఇస్తోంది. ఇచ్చిన ప్రతిసారీ కొట్టు వైపు చూస్తోంది. డ్రైవరు, "దీదీ, ఛోటీకో ఆగే బులావో" అన్నాడు, చిన్నదాన్ని ముందుకు పిలవమని. ఆమె వినిపించుకోలేదు. నా వల్ల తానెంత కష్టపడుతోందో బజారంతటికీ చూపిస్తోందనుకున్నాను. మరుసటి లారీకీ అదే నాటకం.

ఐదో వారంలో మూడో లారీ వచ్చేసరికి వాన పట్టుకుంది. బియ్యం తడుస్తాయని తొందర. చిన్నది ఎవరూ పిలవకుండానే ఒకడుగు ముందుకేసింది. నేనిక కూర్చోలేకపోయాను. వెళ్లి నా చోట్లో నిలబడి చేతులు చాచాను. అక్క బస్తా వదల్లేదు. లాక్కున్నాను. బరువు చేతుల్లోకి వచ్చీ రాగానే ఎడమ రొమ్ము కింద ఏదో జివ్వున లాగింది.

ఆమె బస్తా గుంజుకుని చిన్నదాని చేతుల్లో పడేసింది. "సచ్చిపోతావేటే? ఎల్లి కూకో" అని అరిచింది. డ్రైవరు విన్నాడు, కూలీలు విన్నారు, పక్క కొట్టువాళ్లు గడప దాకా వచ్చి విన్నారు. అది నేను మర్చిపోను.

సరుకు దిగాక గోడౌన్‌లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"గడ్డ ఏ పక్క?"

"ఎడం పక్క."

"మరి ఆ బిగుతు బాడీ మీద రెండు పక్కలా మందు మరకలెందుకే? తువ్వాలు కింద ఆరేస్తే నాకు అగుపడదనుకున్నావా?"

నేను పైట సర్దుకున్నాను.

"ఎవులికీ సెప్పలేదులే. మా ఆయనకీ సెప్పలేదు. ఆ సోట్లో సిన్నదాన్ని నిలబెడితే, నువ్వు ఆడబిడ్డకి సేసిందే అది నీకు సేస్తాది. అందుకే మూడు లార్లు నడిసి నడిసి అందించినాను. నాకు మాత్రం నడుం లేదేటి?"

"మరి నా అరలు?"

"సేతులు పైకి లేపలేకపోతన్నావు. జడ కూడా నీ కూతురే ఏస్తంది."

"ఎలకలన్నావు కదా?"

"నువ్వు గడ్డన్నావు."

ఆ సాయంత్రమే చెన్నైకి ఫోన్ చేశాను. డాక్టరమ్మ వీడియోలో చూసి, వాపు లేదు కాబట్టి ఏమీ చిరిగినట్టు లేదంది. వాపు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లమంది. ఇంకో రెండు వారాలు కలిపింది. ఆ గడువు తీరేదాకా వచ్చిన లారీలకు కూడా అక్క అలాగే నడిచింది. ఈసారి కొట్టు వైపు చూడలేదు.

తొమ్మిదో వారంలో వరుసలో నిలబడ్డాను. మొదట నూడుల్స్ అట్టపెట్టెలు ఇచ్చింది. చిన్నది నవ్వింది, అదీ గుర్తుంది. తర్వాతి లారీలకు సబ్బుల పెట్టెలు, ఆపైన పంచదార. తక్కువ బరువిచ్చి నన్ను తక్కువ చేస్తోందా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది. అడిగితే, "రొమ్ము నీదా, నాదా?" అనేది.

మొన్న మా ఆడపడుచు ప్రోతరాపూర్ నుంచి చూడటానికి వచ్చింది. మేం టీ తాగుతుండగా లారీ హారన్ వినపడింది. ఆమె గ్లాసు కింద పెట్టి, చీర చెంగు దోపుకుని లేచింది. అలవాటుతో లేచిందో, కావాలనే లేచిందో తెలియదు. నేను టీ సగంలో వదిలేసి, ఆమెకంటే ముందు వెళ్లి నా చోట్లో నిలబడ్డాను. అక్క నన్ను చూసింది, నా వెనక ఆగిపోయిన ఆమెను చూసింది. బియ్యం బస్తా నా చేతుల్లో పెట్టింది.