ఎర్ర చేతితొడుగు చెప్పిన దారి

ఆ ఊరి ఆడపిల్లలకు పరుగు నేర్పింది ఐలీ. బడి వంటింట్లో గరిట తిప్పే మనిషి. పని ముగించుకుని పిల్లలను పోగేసి సరస్సు దారిలో పరిగెత్తించేది. పరుగు కన్నా ముందు వాళ్ళకు ఒక కట్టుబాటు నేర్పింది. ఒంటరిగా వెళ్ళే పిల్ల, ఇంటిముందు ఉత్తరాల పెట్టెకు చేతితొడుగు తగిలించి మరీ వెళ్ళాలి. ఎర్రదైతే సరస్సు దారి, నీలందైతే పాత రైలుకట్ట. తిరిగొచ్చి అది తీసేదాకా ఎదురింటివాళ్ళు ఒక కన్ను వేసి ఉంచుతారు. చెప్పిన దారి మార్చిందని కైసా అనే పిల్లను వారం రోజులు పరుగుకు రానివ్వలేదు ఐలీ. ఆ పిల్ల ఏడ్చినా మెత్తబడలేదు.

వయసు మీరి ఉద్యోగం మానినా ఐలీ పరుగు మానలేదు. ఈ చలికాలం మాత్రం మోకాలు మొరాయించింది. కాస్త పరిగెత్తడం, ఎక్కువ నడవడం. సరస్సు దారి పొడుగునా ఇళ్ళే. ఒకరోజు ఆవిరిస్నానం చేసే ఆవిరిగదికి కట్టెలు కొడుతున్న ఆర్వో గొడ్డలి ఆపి, "ఏం ఐలీ, ఇవాళ నత్తతో పందెమా?" అన్నాడు. ఆర్వో ఎదురింటి హిల్యా మొగుడు, నోటి దురుసే తప్ప మనిషి మంచివాడు. ఐలీ నవ్వేసింది గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాటి నుంచి పెట్టెకు ఎర్ర తొడుగే తగిలించి, పెరటి వైపు నుంచి రైలుకట్ట ఎక్కసాగింది. అక్కడైతే నడిచినా చూసేవాళ్ళుండరు. నీలం తగిలిస్తే సరస్సు దారి ఎందుకు మానావని నలుగురూ అడుగుతారు, అదీ ఆవిడ బాధ.

ఆ ఉదయం మంచు కింద కనబడని పాత పట్టాల చెక్క మీద కాలు జారి చీలమండ మడతపడింది. కట్ట మీద ఫోను పలకదు. పిల్లలకు ఆ సంగతి చెప్పిందీ తనే. ఒక కొమ్మ ఊతంగా పట్టుకుని, కూలబడుతూ లేస్తూ ఎంతోసేపటికి ఇంటివైపు వచ్చింది. దారిలో అగ్నిమాపక బండి మోత వినబడితే, ఎవరి పొగగొట్టమో అంటుకుందనుకుంది. తరువాత తన పేరు వినబడింది. సరస్సు మీద నుంచి పిలుస్తున్నారు.

ఆకులు రాలిన చెట్ల సందున చూసింది. అప్పుడప్పుడే గడ్డకట్టిన పలచటి మంచు మీద తాళ్ళు కట్టుకుని మనుషులు. అందరికన్నా ముందు ఆర్వో, బోర్లా పడుకుని, పొడుగాటి కర్రతో నల్లటి నీటిగుంటలో కెలుకుతున్నాడు. తనకోసమే.

కట్ట అంచునే పెరటి తలుపు, నాలుగడుగుల్లో ఉంది. లోపలికి దూరి, ఆవిరిగదిలో కునుకు పట్టిందని చెబితే సరిపోతుంది. ఆ మాట నోట్లో సిద్ధం చేసుకుంది కూడా. చెయ్యి గడియ మీద పడింది.

మంచు ఫెళ్ళుమంది. ఆర్వో నడుము దాకా దిగిపోయాడు.

"ఆర్వో, వెనక్కి రా! నేనిక్కడున్నా, కట్ట మీద!" అని గొంతు చీరుకుపోయేలా అరిచింది.

తాడు లాగి అతన్ని గట్టెక్కించారు. ముందుగా కట్ట ఎక్కి వచ్చింది కైసా; ఇప్పుడు ఊరి అగ్నిమాపక జట్టుకు ఆవిడే పెద్ద. ఐలీ కాలు తడిమి చూసింది.

"ఎర్రదే కదా ఆంటీ తగిలించావు?"

"ఎర్రదే."

కైసా తల ఊపి కట్టు కట్టసాగింది. ఒక తిట్టు తిట్టినా బాగుండుననిపించింది ఐలీకి.

సాయంత్రం కుంటుకుంటూ ఎదురింటికి వెళ్ళింది. ఆర్వో కంబళి కప్పుకుని ఇంకా వణుకుతున్నాడు. నత్త అన్నావనీ, మళ్ళీ నడుస్తుంటే చూస్తావనీ కట్ట మీదికి పోయానని, నేల చూస్తూ చెప్పింది.

"నత్త అన్నావా? ఆ నీళ్ళు నీ నోటిదాకా రావలసింది," అంది హిల్యా మొగుడితో. తరువాత ఐలీ వైపు తిరిగింది. "నువ్వు పోయావనుకున్నానే. తొడుగు చూసి నేనే పంపాను ఈయన్ని అక్కడికి."



కాలు నయమయ్యాక పెట్టెకు ఎర్ర తొడుగు తగిలించి, సరస్సు దారినే నడిచింది, అన్ని కిటికీల ముందునుంచీ. ఆర్వో గొడ్డలి ఆపాడు. నత్త అంటే అననీ అని ఆవిడ అడుగు నెమ్మది చేసింది. అతను చెయ్యి మాత్రం ఎత్తి, మళ్ళీ కట్టెల మీదికి వంగాడు.