జాబితాలో చేరిన పెట్టె

వడ్ల మల్లన్నది జగిత్యాల దగ్గర పల్లె. దోహాలో ముషైరిబ్ అవతల ఒక పాత బంగళాకు పద్దెనిమిదేళ్ళుగా వడ్రంగి. ఒకప్పుడు బ్రిటిష్ దొరలుండేవారు అందులో. డెబ్బైఒకటిలో ఖతర్ స్వతంత్రమైనప్పుడు దొరలు కుర్చీ దగ్గర్నుంచి గరిటె దాకా ప్రతి సామానుకూ తెల్లరంగుతో నంబరు వేసి, జాబితా రాసి, కొత్త సర్కారుకు అప్పజెప్పి పోయారు. అప్పట్నుంచీ బంగళా ఏ కంపెనీ చేతిలో ఉన్నా, ఆ సామాను గడప దాటడానికి వీల్లేదు.

మల్లన్నకు సొంతమంటూ ఉన్నది వాళ్ళయ్య రాజలింగం ఇచ్చిన కర్రపెట్టె ఒక్కటే. అందులో బాడిస, చిత్రిక, ఐదు ఉలులు. పెద్ద ఉలి పిడి మీద అయ్య పేరు తెలుగులో చెక్కి ఉంటుంది. తానుండే కూలీల క్యాంపులో రెండుసార్లు సుత్తెలు పోయేసరికి బంగళా సూపర్‌వైజర్ సుధాకరరావు దారి చూపించాడు.

"పెట్టె బంగళాలోనే పెట్టుకో మల్లన్నా. దాని మీద రెండొందల పద్నాలుగు అని నంబరు వెయ్యి. సర్కారు సామానంటే ఎవడూ ముట్టుకోడు."

ఏలూరాయనైతేనేం, మన తెలుగాయనే కదా అని మల్లన్న మురిసిపోయాడు. తన చేత్తోనే నంబరు వేశాడు, పిచ్చి మాలోకం!

మొన్న జనవరిలో మ్యూజియం పెడతామని సర్కారు బంగళాను వెనక్కి తీసుకుంది. మల్లన్నకూ పని అయిపోయింది. ఇంటికి పోయి ఆ పనిముట్లతోనే తలుపులూ దర్వాజలూ చేసుకుని బతుకుతానని భార్య గౌరవ్వకు ఫోన్లో చెప్పేశాడు. పెట్టె తీసుకుందామని వెళ్తే, ఖతరీ అధికారి జాబితా పట్టుకుని దాని ముందే నిలబడి ఉన్నాడు. రెండొందల పద్నాలుగు, వడ్రంగి పెట్టె. దొరల నాటి పెట్టె సుధాకరరావు హయాంలోనే ఎప్పుడో మాయమైంది. దాని లెక్కకు తన పెట్టెను ఎందుకు కూర్చోబెట్టాడో మల్లన్నకు అప్పుడర్థమైంది.

"సాబ్, యే మేరా హై! మేరా బాప్ కా నామ్ హై!" అంటూ పెద్ద ఉలి తీసి చూపించాడు.

అధికారికి హిందీ కొంచెం వచ్చు. పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనే ఉన్న సుధాకరరావు చేతికిచ్చాడు. "ఇది మీ భాషేనా? ఏం రాసుంది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆ గదిలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరే.

"రాత కాదు సార్," అన్నాడు సుధాకరరావు. "ఉత్త డిజైన్."

అధికారి జాబితాలో టిక్కు పెట్టి పక్క గదిలోకి వెళ్ళాడు. సుధాకరరావు గొంతు తగ్గించాడు.

"ఏం చెయ్యమంటావు మల్లన్నా? పెట్టె లేదంటే నా ఉద్యోగం ఊడిపోయేది. నీకు కొత్త సెట్టు కొనిస్తాను, సరేనా?"

ఇన్నేళ్ళలో మల్లన్న అతన్ని సారూ అని తప్ప పిలిచి ఎరగడు.

"థూ! నీకు తెలుగు సదువొచ్చని సంబురపడ్డ గదరా," అన్నాడు. "మా అయ్య పేరు మంచిగ సదువుకొని, లేదంటివి."