నీలిపట్టీ అంగీ

మొన్న మా మనవడు సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఏదో దూరదేశంలో ఒక ముసలాయన ఇల్లు. అందులో ఒక గది నిండా బేస్‌బాల్ సామానే. ఆయన చిన్నప్పుడు ఆ ఊళ్లో ఒక టీం ఉండేదట, తర్వాత అది ఊరు విడిచి ఇంకెక్కడికో తరలిపోయిందట. అది పోయి ఎన్ని దశాబ్దాలైనా ఈయన దాని టోపీలు, బంతులు, చిరిగిన టికెట్లు, దాని మీద అచ్చయిన పుస్తకాలు వెతికి వెతికి పోగేస్తూనే ఉన్నాడు. "లేని టీం కోసం ఎందుకు అమ్మమ్మా గింత తిప్పల?" అని మనవడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బేస్‌బాల్ అంటే కర్రతో బంతిని కొట్టి పరుగెత్తడమని తప్ప నాకింకేమీ అర్థం కాలేదు గానీ, ఆ ముసలాయన ఒక పాత అంగీని రెండు అరచేతుల మీద పరిచి పట్టుకున్న తీరు మాత్రం నాకు బాగా తెలుసు. మా పెద్దమామ అట్లాగే పట్టుకునేవాడు.

మా అమ్మమ్మవాళ్లది కరీంనగర్‌లో నేత ఇల్లు. మా ఊళ్లో బడి నాలుగో తరగతితో ఆగిపోతే నన్ను అక్కడ ఉంచి చదివించారు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకటి పెద్దమామది, ఇంకోటి ఆయన తమ్ముడు చిన్నమామది. పెద్దమామ మగ్గం పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఒకే తాళంలో నడిచేది. చిన్నమామ మగ్గం మాత్రం మధ్యమధ్యలో టక్కున ఆగేది. ఆగిందంటే మైదానంలో ఎవరో ఈల వేశారని అర్థం. చిన్నమామ ఊరి ఫుట్‌బాల్ టీంలో ఆడేవాడు. నేతపిల్లలు, తహసీల్ ఆఫీసు గుమాస్తాలు, ఒక బస్సు డ్రైవరు, అందరూ కలిసిన టీం అది. దానికి కెప్టెను తహసీల్ ఆఫీసులో పనిచేసే పొడుగాటి మనిషి, మేమంతా ఆయన్ను చాచా అని పిలిచేవాళ్లం. టీం మొత్తానికి అంగీల బట్ట నేసింది పెద్దమామే. తెల్లబట్ట, ఛాతీ మీద అడ్డంగా నీలిపట్టీ. అన్నీ ఒక్కతీరుగా ఉంటే కలిసిపోతాయని తమ్ముడి అంగీ బట్టలో మాత్రం అంచున ఒక ఎర్రపోగు వేశాడు. ఆట అంటే విసుక్కునే మనిషి, తమ్ముడి ఆట ఉందంటే మగ్గం దిగి అందరికంటే ముందు మైదానానికి పోయి నిలబడేవాడు.

ఒక వానాకాలం పెద్దపల్లిలో ఆట ఆడి చిన్నమామ జ్వరంతో ఇంటికొచ్చాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి ఆయనకు మీసాలు కూడా సరిగా రాలేదు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని మా దగ్గర ఒక పద్ధతి. ఆ రోజే దండెం మీద ఉన్నవి, మూటలో ఉన్నవి అన్నీ చాకలివాళ్లకు ఇచ్చేశారు. ఫొటో అన్నా ఉందా అంటే, టీం అంతా కలిసి దిగింది ఒక్కటుంది గానీ, సరిగ్గా తీసే సమయానికి ఎవరు పిలిచారో ఏమో, చిన్నమామ తల పక్కకు తిప్పాడు. అందరి ముఖాలూ తేటగా పడి, ఆయన ముఖం ఒక్కటే మసకగా పోయింది. అట్లా ఆ ఇంట్లో మనిషి ఉన్నాడన్న గుర్తే లేకుండా అయింది. అమ్మమ్మ ఆయన పేరు ఎత్తేది కాదు. వాకిట్లో ఎవరైనా ఎత్తితే మెల్లగా లేచి లోపలికి పోయి నూలు కండెలు చుడుతూ కూర్చునేది. ఆమె తట్టుకోలేదని పెద్దమామ కూడా ఆమె ముందు ఆ మాటలు రానిచ్చేవాడు కాదు.

తర్వాత ఏడాదో రెండేళ్లకో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై, మేం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాం. టీం కూడా అట్లాగే చెదిరింది. నాందేడ్ వైపు వాళ్లు ఇద్దరు బొంబాయి రాష్ట్రానికి పోయారు, చాచాకు ఆసిఫాబాద్ బదిలీ అయింది, డ్రైవరు పెండ్లి చేసుకుని ఆట మానేశాడు. కొత్తగా ఎవరూ చేరలేదు. టీం పోయాక పెద్దమామకు దాని మీద పిచ్చి పట్టింది. గాలిపోయిన బంతి బ్లాడరు, రిఫరీ ఈల, మడమ ఊడిన బూటు, ఏది దొరికితే అది ఇంటికి తెచ్చి రేకు సందుగలో పెట్టేవాడు. గోల్‌కీపరుగా ఆడినాయన ఇంట్లో వాళ్లు గెలిచిన కప్పును బియ్యం కొలిచే మానికగా వాడుకుంటుంటే, ఆ ఇంటావిడకు కొత్త చీర నేసిచ్చి కప్పు తెచ్చుకున్నాడు. చీర మీద ఆశతో ఆమె ఇంకా రెండు మూడు పాత సామాన్లు టీంవే అని చెప్పి చూసింది గానీ మామ మోసపోలేదు. టీం మీద ఒక ఉస్తాదు ఉర్దూలో చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అది ఎవరింట్లో కనబడ్డా మామ అడిగి తెచ్చుకునేవాడు. మామ భార్య, మా అత్తమ్మ, ఒకరోజు ఉండబట్టలేక, "చదివినదాన్నే ఎన్నిసార్లు చదువుతవు, ఊళ్లె చెత్తంత మనింట్లనే కుప్పవెట్టుడు ఏం పని?" అంది. ఆ పుస్తకంలో చిన్నమామ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఎడమ పక్క నుంచి బాగా ఉరికేవాడని. నాకు ఉర్దూ రాదు కాబట్టి మామ ఆ పుస్తకమంతా తెలుగులో చెప్పేవాడు. ఆ వాక్యం వచ్చినప్పుడు మాత్రం మొదట ఉర్దూలోనే చదివేవాడు.

నిజానికి ఆయన వెతుకుతున్నది ఆ బూట్లనూ ఈలలనూ కాదని నాకు తర్వాత తెలిసింది. పెద్దపల్లి ఆట వానలో జరిగింది. తడిసిన అంగీలన్నీ చాచా తన పరుపుచుట్టలో పెట్టుకుని తెచ్చాడు. ఎవరిది వాళ్లు తీసుకుపోయారు, చిన్నమామ మాత్రం తీసుకోవడానికి రాలేదు. పెద్దమామకు ఈ సంగతి తట్టి రైలెక్కి ఆసిఫాబాద్ పోయాడు. చాచా దాన్ని ముట్టకుండా అట్లాగే ఒక మూలకు పెట్టాడట. తిరిగొచ్చిన మామ సంచిలోంచి దాన్ని తీసినప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. ముందంతా మట్టి గట్టిగా ఎండి, మోచేతి దగ్గర నెత్తురు మరక, మెడపట్టీ చెమటకు పసుపెక్కి ఉంది. అంచున ఎర్రపోగు. "అమ్మమ్మకు చెప్పకు బిడ్డా, చూసిందంటె కూలవడ్తది," అన్నాడు మామ. దాన్ని వేపాకుల మధ్య సందుగ అడుగున పెట్టాడు. తాళం వేస్తే అమ్మమ్మకు అనుమానం వస్తుందని తాళం కూడా వేయలేదు. మధ్యాహ్నాలు ఆమె కునుకు తీసేటప్పుడు మామ మగ్గం ఆపి, ఆ అంగీని అరచేతుల మీద పరిచి, మెడపట్టీ దగ్గర ముఖం పెట్టి కూర్చునేవాడు. అందులో ఇంకా తమ్ముడి వాసన ఉందని చెప్పేవాడు. నాకు మట్టివాసనే వచ్చేది గానీ ఉందనే అనేదాన్ని. లోకంలో చిన్నమామది మిగిలింది అంతే.

ఆ తర్వాతి పెత్రమాసకు జరిగింది ఇది. పెత్రమాస అంటే మాకు పోయినవాళ్ల పండుగ. వాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, పక్కన బట్టలు పెట్టి దీపం ముట్టిస్తాం. తాతకు ధోతి పెట్టేవాళ్లు. చిన్నమామకు బట్టలు పెట్టడానికి మాత్రం అన్నేళ్లూ అమ్మమ్మకు చెయ్యి రాలేదు. ఆ పొద్దు నూలు కోసం బయటికి పోయిన మామ ఇంటికి తిరిగొచ్చేసరికి విస్తళ్లు వేసి ఉన్నాయి. తాత ధోతి పక్కన నీలిపట్టీ అంగీ, తెల్లగా, మడత పెట్టి ఉంది. మామ గడప దగ్గరే నిలబడిపోయాడు.

"అవ్వా, గిది నీకేడ దొరికింది?"

"నీ సందుగలనె. పండుగని దులుపుతుంటె దొరికింది. ఎర్రపోగు సూసి గుర్తువట్టిన, గా కండె నేనే సుట్టిన గద," అంది అమ్మమ్మ. ఆమె ముఖంలో నేను అన్నేళ్లుగా చూడని వెలుగు ఉంది. "ఎంత ఖరాబు జేసుకున్నడో సూడు పోరడు. సౌడు వెట్టి నానవోస్తె గూడ మట్టి ఇడువలే. బండమీద ఏసి కొట్టిన. మంచిగ తెల్లగయింది గద బిడ్డా?"

నేను భయపడ్డాను, మామ కోపం చేస్తాడేమో, ఏడుస్తాడేమో అని. ఆయన వంగి అంగీని ముట్టి చూశాడు. "అయిందవ్వా. మస్తు తెల్లగయింది," అన్నాడు. తర్వాత కాళ్లు కడుక్కుంటానని పెరట్లోకి పోయాడు. నేను వెనకే పోయాను. ఉతికిన బండ పక్కన కాలువలో ఇంకా కొంచెం బురదనీళ్లు నిలిచి ఉన్నాయి. మామ వాటినే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ నీళ్లలో పెద్దపల్లి మట్టి ఉంది, తమ్ముడి చెమట ఉంది, ఆయన ఆసిఫాబాద్ దాకా పోయి తెచ్చుకున్నదంతా ఉంది. నాకు ఏడుపొచ్చింది. లోపల అమ్మమ్మ చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి చిన్నమామను పేరుపెట్టి పిలిచి, అన్నం చల్లారుతోంది రమ్మంటోంది.

ఆ తర్వాత మామ టీం సామాను కోసం ఎక్కడికీ పోలేదు. ఉర్దూ పుస్తకాలు సందుగలోనే ఉండిపోయాయి. అంగీ మాత్రం మళ్లీ సందుగలోకి పోలేదు. అమ్మమ్మ తన బట్టల్లో పెట్టుకుంది. ప్రతి పెత్రమాసకు తీసి, మాయకపోయినా ఉతికేది. ఉతకగా ఉతకగా బట్ట పల్చబడి, ఒక ఏడాది భుజం దగ్గర ఆమె చేతిలోనే చిరిగింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. వచ్చే ఏటికి మామ మగ్గం మీద మళ్లీ అదే నీలిపట్టీ బట్ట నేశాడు, చిన్నమామ కొలతలే ఇచ్చి కుట్టించాడు, పండుగ ముందురోజు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అమ్మమ్మ దాన్ని తడిమి చూసి, లేచి బాయి దగ్గరికి నడిచింది. "కొత్తదే గదవ్వా, ఇంకెందుకు ఉతుకుడు?" అన్నాడు మామ. "కొత్తబట్ట, గంజి కుచ్చుకుంటది పోరనికి," అంది ఆమె. మామ బొక్కెన అందుకుని నీళ్లు చేదిపోశాడు. పోయినవాళ్లకు కాలం ఆగిపోతుందంటారు గానీ, మా ఇంట్లో చిన్నమామ మాత్రం అమ్మమ్మ బతికినన్నాళ్లూ ఏటా ఒకసారి అంగీ మాపుకొని ఇంటికి వస్తూనే ఉన్నాడు.