గడువు తీరిన రీలు, అక్క ముఖం

పాస్‌పోర్టు ఫొటోలు తీసి బతికే ఆయన్ని వీధంతా స్టూడియో బాబాయ్ అంటారు. ఫిల్ముకు ఆత్మ ఉందని పలవరించే కుర్రకారంటే ఆయనకు ఒళ్లుమంట. ఫిల్ములో ఉండేది రసాయనం, మందుబిళ్లలకున్నట్టే దానికీ గడువుంటుంది అనేవాడు. అలాంటి మనిషి ఫ్రిజ్‌లో, నిమ్మకాయల వెనక, గడువు తీరి పద్దెనిమిదేళ్లయిన స్లైడ్ ఫిల్ము రీలొకటి పడి ఉంది. పారేయడానికి చేతులు రాలేదు, అంతే.

దాన్ని బయటికి తీయించింది ఆయన అక్క. ఆవిడ దవడలో గడ్డ లేచింది. కింది దవడ సగం తీసేయాలి, ముఖం ఇదివరకటిలా ఉండదు అని డాక్టరు తేల్చేశాడు. మనసే అసలైన అందమని ఓదార్చబోయిన పిన్నితో, అయితే నీ ముఖం నాకిచ్చి నా మనసు నువ్వు తీసుకో అంది. ఆపరేషన్ సోమవారమనగా, శనివారం పొద్దున్నే తల దువ్వుకుని స్టూడియోకొచ్చి కూర్చుంది. చిన్నప్పుడు తెరలా కట్టిన దుప్పటి మీద వేసుకుని చూసిన స్లైడుల్లా తన ముఖం గోడ నిండా పడాలంది. తమ్ముడు ఫోన్ తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"అందులో నేను స్టేషన్లో ఫొటో దిగిన దొంగలా ఉంటానురా. ఆ రీలుందిగా పిసినారీ, ఇంకెవరికోసం దాచావు?"

ఆయన నవ్వి రీలెక్కించాడు. ఇరవై ఏళ్లు నెగటివ్ ఫిల్ముతో పెళ్లిళ్లు తీసిన చెయ్యి. పాతబడ్డ ఫిల్ముకు చూపు మందగిస్తుంది, వెలుగు కాస్త ఎక్కువ తాగించాలన్నది ఆ చేతికి పుట్టు బుద్ధి అయిపోయింది. వెలుగు కొలిచే మీటరు చెప్పినదానికి రెండు స్టాపులు కలిపి, అంటే నాలుగింతల వెలుగిచ్చి, ముప్పై ఆరు ఫొటోలూ తీశాడు. నెగటివ్ ఎంత వెలుగునైనా కడుపులో దాచుకుంటుంది, స్లైడు దాచుకోదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. చేతికి గుర్తు రాలేదు.

స్లైడులు కడిగే ల్యాబు పక్క ఊళ్లో ఒక్కటే మిగిలింది, అదీ నెలకోసారే కడుగుతుంది. ఆపరేషనైన మూడో వారానికి కబురొచ్చింది. లైటు బల్ల మీద పరిచి చూస్తే జడ ఉంది, కళ్లలో నల్లగుడ్లున్నాయి. మిగతాదంతా గాజుముక్కలా తెల్లగా ఉంది. పాతదైపోయిందిగా, ఏం చేస్తామని బాబాయే ముందు అందుకున్నాడు.

"ఫిల్ముకేం కాలేదు గురూగారూ," అన్నాడు ల్యాబతను. "వెలుగు తగలని ఈ అంచు చూడండి, బొగ్గులా ఉంది. చెడిపోతే పాలిపోయేది. మీరే వెలుగు ఎక్కువిచ్చేశారు."

ఆయన స్లైడుల్ని ఒక్కొక్కటే కవర్లో వేసుకున్నాడు. కొత్త రీలు కొనొచ్చు. దానికి చూపించడానికి ఆ ముఖమేదీ?

ఆస్పత్రిలో అక్క నోటికి కట్టుంది, మాటకు బదులు నోటుపుస్తకం. బస్సులో వస్తూ నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాడు గానీ, ఆవిడ చెయ్యి చాపగానే నిజమే బయటికొచ్చింది.

"ఫిల్ము మంచిదే అక్కా. వెలుగెక్కువిచ్చి నేనే కాల్చేశాను."

ఆవిడ ఒక స్లైడు కిటికీ వెలుగుకు పట్టి, తిప్పి, మళ్లీ తిప్పి చూసింది. తిట్టలేదు. పెన్సిలు తీసుకుని ఒక్క మాట రాసి పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"నవ్వానా?"

ముప్పై ఆరుసార్లు ఆ ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. గడ్డం కొంచెం ఎత్తమన్నది గుర్తుంది, మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తుంది. పెదాలు గుర్తు రావడం లేదు. అక్క ఆయన ముఖంలోకే చూస్తోంది.