వదులైన లేసు

మీ నీడనైనా మీరు నమ్ముతారా? జాతీయ ఫుట్‌బాల్ జట్టు బూట్లు చూసుకునే, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన మాత్రం నమ్మడు. వాసన చూడనిదే నీళ్ల సీసాను ఆటగాళ్లకు అందివ్వడు. మర్దన చేసేవాడు తువ్వాలు కోసం బూట్ల గదిలోకి వస్తే, వెళ్లేదాకా వాడి చేతులవంకే చూస్తుంటాడు. ప్రతి బూటునూ ఒళ్లో పెట్టుకుని, లేసులను ఆ ఆటగాడి కొలతకు తానే బిగిస్తాడు. ఖండ ఛాంపియన్‌షిప్‌కు అర్హత దక్కాలంటే ఇక గెలవవలసింది ఒక్క ఆటే. ఆ ఉదయం కెప్టెన్ ఎడమ బూటు లేసు పైదాకా వదులుగా ఆయన కంటపడింది. అవతలి జట్టు చేయించిన పనేనని తేల్చుకుని మర్దనవాడి మీద విరుచుకుపడ్డాడు.

“నువ్వు తప్ప ఈ గదిలోకి ఎవడొచ్చాడు?”

“నీ జేబులు కూడా ఓసారి సోదా చేసుకో బాబాయ్,” అన్నాడతను.

అంతలో కెప్టెన్ కుంటుతూ వచ్చి తలుపు వేశాడు. “వదులు చేసింది నేనే. చీలమండ వాచింది. కోచ్‌కి తెలిస్తే ఆడనివ్వకుండా బయట కూర్చోబెడతాడు. ఇంతదాకా వచ్చాం, నోరు విప్పకు బాబాయ్. నామీద నమ్మకం లేదా?”

“నీమీద ఉందిరా. నీ కాలిమీదే లేదు.”

కెప్టెన్ లేక జట్టు ఓడితే నింద తనమీదే పడుతుందని బాబాయ్‌కి తెలుసు. ఈ కాలితో ఆడితే వీడు మళ్లీ ఆడలేడనీ తెలుసు. లేసు బిగించబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. ఎన్నడూ ఎవరికీ ఇవ్వని గది తాళంచెవిని మర్దనవాడి చేతిలో పెట్టి, కాలు చూడమని చెప్పి, ఆ బూటును అలాగే, వదులు లేసుతోనే, కోచ్ బల్లమీద పెట్టడానికి బయలుదేరాడు.