వడ్డాణం కింద పట్టీ

మా అత్తమ్మను ఎవరు ఎప్పుడు "ఎట్లున్నరమ్మా" అని అడిగినా ఒకటే జవాబు. "మంచిగున్నం." పప్పు మిల్లులో మోటారు కాలిపోయిన రోజూ అంతే, మామయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే. తాండూరులో కందుల వ్యాపారం చేసే ఇళ్లలో ఇది పెద్ద పట్టింపు. పొద్దున ఇంట్లో ఎవరైనా తుమ్మితే, సాయంత్రానికి ఆ ఇల్లు దివాలా తీసిందని మార్కెట్లో చెప్పుకుంటారు. అందుకే ఏం జరిగినా మంచిగున్నామనే అనాలి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో జ్వరంతో వణుకుతుంటే, చూడడానికి వచ్చిన పక్కింటావిడతో "ఏం లేదు, చలిగాలికి గట్ల కూసుంది" అని అత్తమ్మ చెప్పింది. అది నడివేసవి.

అలాంటి మనిషి నా నడుము కేసులో సాక్షి. ఉన్న ఒకే ఒక్క సాక్షి.

ముందు నడుము సంగతి చెప్పాలి. మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థం వికారాబాద్‌లో జరిగింది. ఒక బస్సు కిరాయికి మాట్లాడుకుని అందరం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో మిగిలిన లడ్డూల గంగాళాన్ని బస్సులో చిట్టచివర పెట్టారు. దానికి కాపలాగా మా అత్తమ్మ చివరి సీట్లో కూర్చుంది. ఆమెకు కాపలాగా నన్ను కూర్చోబెట్టింది. ముందు సీట్లలో చుట్టాలంతా భోజనం బరువుకి నిద్రపోయారు. డ్రైవరు ఎవరో తరుముతున్నట్టు తోలుతున్నాడు. దారిలో కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకరు ఒకటి, దాని మీద ఇంకా సున్నం గీతలు కూడా లేవు. అది వచ్చింది, మేమిద్దరం లేచాం. పైకి లేచినప్పుడు ఇద్దరం కలిసే లేచాం కానీ దిగడం మాత్రం వేరువేరుగా దిగాం. ఆవిడ మెత్తగా లడ్డూల గంగాళంలో దిగింది. నేను సీటు ఇనుప పట్టీ మీద దిగాను.

నా కేక విని బస్సు ఆపారు. అందరూ వెనక్కి పరిగెత్తుకొచ్చి ముందు ఆవిడను లడ్డూల్లోంచి లేపారు. "నాకేం గాలె, మంచిగున్న. లడ్డూలే పోయినయ్" అంది ఆవిడ. నేను కింద పడి ఉన్నాను. "ఇది గూడ మంచిగనే ఉంది" అని నా తరఫున కూడా ఆవిడే చెప్పేసింది.

మంచిగా లేను. వెన్నుపూస ఒకటి చిట్లింది. కొన్ని నెలలు పడక, ఆ తర్వాత నడుముకు వెడల్పాటి పట్టీ. నా కష్టమేమిటంటే, వెన్ను విరిగితే పైకి ఏమీ కనబడదు. చెయ్యి విరిగితే కట్టు కనబడుతుంది, అందరూ సంచి అందుకుంటారు. నడుము విరిగినవాళ్లు చూడడానికి దిట్టంగా ఉంటారు. మా అత్తమ్మ నా స్కానింగ్ ఫిల్మును కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇందుల అంత నల్లగనే ఉంది. నొప్పి యాడుంది?" అంది. నేను వేలు పెట్టి చూపించాను. "గిదా? గింతదా?" అని ఫిల్ము కవర్లో పెట్టేసింది. ఆ "గింతదా" నాకు స్పీడ్ బ్రేకరు కన్నా గట్టిగా తగిలింది.

పైగా ఆ రోజు నుంచి ఆవిడ నాకన్నా ముందే లేచి, వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, నేను లేచేసరికి అన్ని పనులూ ముగించి కూర్చునేది. నన్ను దెప్పడానికే అలా చేస్తోందని నాకు ఒళ్లు మండేది. ఈ వయసులో నేను చేస్తున్నా, నువ్వు పడుకున్నావు అని చెప్పకుండా చెబుతున్నట్టు ఉండేది. నేనూ తక్కువదాన్ని కాదు. పడుకున్న చోటు నుంచే ఆవిడకు వినబడేలా మూలిగేదాన్ని.

అందుకే మా ఆయన "పోనీలే" అంటున్నా వినకుండా బస్సు మీద, దాని బీమా కంపెనీ మీద నష్టపరిహారం కేసు వేయించాను. పరిహారం వస్తే మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ నాకు అసలు కావలసింది వేరు. నా నడుము నిజంగానే విరిగిందని ఒక జడ్జి గారు సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇవ్వాలి. దాన్ని తీసుకొచ్చి ఆవిడ ముందు పెట్టి, అప్పుడు కూడా "గింతదా" అంటుందేమో చూడాలి.

నడుము కేసుకు నడుము ఉన్నవాళ్లే పనికొస్తారని నాకు తర్వాత తెలిసింది. వాయిదా పడ్డ ప్రతిసారీ తాండూరు నుంచి వికారాబాద్ కోర్టుకు వెళ్లాలి. బస్సంటే నాకు భయం పట్టుకుంది కాబట్టి రైల్లో, కూర్చుంటే నొప్పి కాబట్టి నిలబడి. కోర్టు వరండాలో కూర్చోవడానికి వేసిన అరుగు మా తాండూరు బండదే. సొంత ఊరిదాన్నని చూడకుండా నన్ను పొడిచింది. పేరు పిలిచేవరకు నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడి ఉంటే, చివరికి "వచ్చే నెలకు రాండ్రి" అనేవారు.

సాక్ష్యం దగ్గరపడేసరికి మా వకీలు ఒక ఆదివారం ఇంటికొచ్చి అత్తమ్మకు తర్ఫీదు ఇచ్చాడు. సన్నగా, పెద్ద గొంతుతో ఉండే కుర్రవాడు. ముందుగదిలో తానే అవతలి వకీలైనట్టు నిలబడ్డాడు.

"అమ్మా, మీ కోడలు ఎట్లుంది?"

"మంచిగుంది."

"గట్లనొద్దమ్మా. ఎట్లుందో ఉన్నదున్నట్టు చెప్పాలె."

"మరి చెడిపోయిందని చెప్పాల్నా? ఎదిరింటోళ్లు ఇంటరు, జర నిమ్మలంగ అడుగు."

వకీలు లేచి కిటికీలు మూశాడు. మళ్లీ అడిగాడు. అత్తమ్మ తలుపు వైపు చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, "జర నొస్తదట" అని గుసగుసగా అంది.

"నొస్తది అనాలె. నొస్తదట కాదు."

"నొప్పి దానిది. నాకెట్ల తెలుస్తది?"

లోపల మంచం మీద ఉన్న నాకు ఆ మాట విని లేచి వెళ్లి కేసు కాగితాలన్నీ చింపేయాలనిపించింది. లేవలేక ఊరుకున్నాను. వకీలు రెండు గ్లాసుల మజ్జిగ తాగి, "దేవుడున్నడు" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు రానే వచ్చింది. అత్తమ్మ పెళ్లికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టింది. బోనులో నిలబడగానే కోర్టు హాలంతా ఒకసారి కలియజూసింది. తాండూరు ముఖాలు నాలుగైదు కనబడ్డాయి. మా కందుల మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన వేరే పనిమీద వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆయన్ను చూడగానే అత్తమ్మ వెన్ను నిటారుగా అయింది. అప్పుడే నేను మా కేసు మీద ఆశ వదులుకున్నాను.

బీమా కంపెనీ వకీలు తీరిగ్గా లేచాడు. నిండుగా, నవ్వుతూ ఉండే మనిషి. గడ్డి వేసి, వీపు నిమిరి పాలు పితికేవాడిలా మెల్లగా మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇంట్ల అందరు ఎట్లున్నరు?"

"మంచిగున్నం."

"కోడలు?"

"మంచిగుంది."

మా వకీలు తల పట్టుకున్నాడు. మా ఆయన పైకప్పు చూడడం మొదలుపెట్టాడు.

"ఇంటిపనికి తక్లీబేం లేదు గద?"

"మాకేం తక్లీబ్?"

ఆయనకు అంతటితో కూర్చుంటే సరిపోయేది. గెలిచిన వాడికి ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది. ఫైలులోంచి ఒక ఫొటో తీశాడు. నాకు చూడగానే తెలిసింది. నాకు పట్టీ కట్టిన నెలల్లో తాండూరులోనే చుట్టాల పెళ్లి జరిగింది. అక్కడ తీసి, ఎవరో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న ఫొటో. అందులో నేను పట్టుచీరలో, నడుముకు ఇంత వెడల్పు బంగారు వడ్డాణంతో, మహారాణిలా నిటారుగా నిలబడి ఉన్నాను. వంగలేక నిటారుగా నిలబడ్డానని ఫొటోలో కనబడదు కదా.

ఆ వడ్డాణం అత్తమ్మది. మా ఇంటికి పేరు తెచ్చిన వడ్డాణం. ముప్ఫై తులాలని తాండూరంతా చెప్పుకుంటారు, కుల్కచర్లలో ఉండే మా అమ్మ కూడా నాకు సంబంధం చూసినప్పుడు ముందు దాని గురించే చెప్పింది. ఎప్పటికైనా నాదేనని నేనూ లోలోపల లెక్క వేసుకున్నదే. ఆ పెళ్లి రోజు అత్తమ్మ నా పట్టీని చూసి, "గిది చూస్తే మందేమనుకుంటరు? కోడలి నడుము ఇరగ్గొట్టిండ్రనుకుంటరు" అని దాని మీద వడ్డాణం చుట్టింది. పట్టీ మందానికి కొలికి అందలేదు. పప్పు సంచులు కుట్టే సుతిలితో వెనకాల ముడేసి, పైట కప్పేసింది. ఇంటికొచ్చాక, బంగారం బరువుకి నా ప్రాణం పోయిందని రాత్రంతా మూలిగాను. ఆవిడ ఒక్క మాట అనలేదు.

"ఈ ఫొటోల ఉన్నది మీ కోడలేనా?" అన్నాడు వకీలు.

"అవును."

"నడుముకున్నది వడ్డాణమేనా? ఎన్ని తులాలుంటదమ్మా?"

అత్తమ్మ పైట సర్దుకుంది.

"మస్తు బరువుంటది గద," అని జడ్జి మేడం వైపు తిరిగాడు. "మేడం, వెన్ను నిజంగ ఇరిగిన మనిషి ఇంత బరువు నడుముకు కట్టుకొని పెళ్లిల నిలబడ్తదా? ఇదంత నాటకం. అవునా కాదా అమ్మా?"

జడ్జి మేడం పెన్ను పట్టుకుని అత్తమ్మ వైపు చూశారు. అత్తమ్మ వెనక బల్ల మీది కమీషన్ వ్యాపారిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడకు ఆనుకుని, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ చెయ్యి నేను కావాలని పెట్టింది కాదు.

"బరువు లేదు మేడం," అంది అత్తమ్మ. "అది గిల్టుది."

మా ఆయన పైకప్పు మీదనుంచి చూపు దింపాడు. ఆయనకూ తెలియదని ముఖం చూస్తేనే తెలిసింది.

"అసలుది కందుల ధర పడిపోయిన ఏడు అమ్మినం. రైతులకియ్యాల్సిన పైసలు ఆగొద్దని మా ఆయిన, నేను, ఇద్దరమే పోయి అమ్మొచ్చినం. బయటికి తెల్వొద్దని గిది చేపిచ్చినం. పిల్లలకు గూడ చెప్పలె." అంటూ ఫొటో మీద వేలు పెట్టింది. "దీని కింద డాక్టరిచ్చిన పట్టీ ఉంది. నేనే కప్పిన. ఎనక సుతిలితోని కట్టిన. నమ్మకపోతే ఎనక దిక్కెళ్లి దీసిన ఫొటో తెప్పియ్యుండ్రి."

"మరి ఇంతసేపు మంచిగుంది, మంచిగుంది అన్నరు గదమ్మా?" అన్నాడు బీమా వకీలు. ఇప్పుడు నవ్వడం లేదు.

"గట్లనే అంటరు సార్. ఎవలడిగినా గట్లనే అంటరు. మీరు అడిగిండ్రు, అన్న. మంచిగ ఉంటే నేనెందుకు చీకట్ల లేసి నీళ్లు వడ్తున్న? అది లేస్తే బిందె ముడ్తది, వంగుతది. అందుకే అది లేవకముందే అన్ని జేసి కూసుంట. రాత్రంత మూలుగుతది సార్. నాకు నిద్ర వట్టది."

అందులో సగం మూలుగు ఆవిడకు వినబడాలని నేను మూలిగిందే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండూ నడుముకు మంచివి కావు. బీమా వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. జడ్జి మేడం ఆ మాటలన్నీ రాయించారు, సుతిలితో సహా.

తీర్పు చాలా నెలల తర్వాత వచ్చింది. అడిగినంత ఇవ్వలేదు కానీ ఇచ్చారు, వెన్ను విరిగిన మాట నిజమని కూడా అందులో ఉంది. ఆ కాగితం ఆవిడ ముందు పెట్టాలని ఎందుకో గుర్తు రాలేదు. ఇప్పుడది బీరువాలో ఉంది, గిల్టు వడ్డాణం పక్కన.

సాక్ష్యం రోజు కోర్టు నుంచి తాండూరుకు వచ్చిన రైలే నాకు గుర్తుంది. సాయంత్రపు రైలు, జనం కిక్కిరిసి ఉన్నారు. స్టేషను దాకా అత్తమ్మ ముఖం పక్కకు తిప్పుకునే నడిచింది, పరువు పోయిన బాధలో ఉందనుకున్నాను. మా ఆయన వడ్డాణం సంగతి ఎత్తబోతే "ఊకో" అంది. పెట్టెలోకి ఎక్కగానే మా వీధిలో ఉండే ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని కనబడింది. "ఏమమ్మా, వికారాబాద్ దిక్కెళ్లి వస్తున్నరు, అందరు మంచిగున్నరా?" అని పలకరించింది.

అలవాటుగా నేనే "మంచి..." అనబోయాను.

"ఏం మంచిగ?" అంది అత్తమ్మ, పెట్టె ఆ చివరి వరకు వినబడేంత గొంతుతో. "నా కోడలి నడుము ఇరిగింది. లేచి నిలబడుండ్రి జర, దాన్ని పండుకోనియ్యుండ్రి."

ఆ సీటు మీదివాళ్లంతా లేచారు. మా వీధి ఆవిడ కూడా లేచింది. నేను పడుకున్నాను. అత్తమ్మ నా తల దగ్గర నిలబడి, తాండూరు వచ్చేదాకా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నా వెన్నుపూస గురించి చెబుతూనే ఉంది.