రంగుల కర్రల ఎద్దు

దోహాలో ప్రపంచ కప్పు స్టేడియంలు కడుతున్న రోజులవి. నేను వంట చేసే ఇంటికి ఇంజినీరు సారు తల్లి స్పెయిన్ నుంచి వచ్చింది. మా ఇద్దరి మాటలనూ ఫోనే అటూ ఇటూ మార్చి చెప్పేది.

ఒకరోజు తమ ఊళ్ళో చుట్టూ మెట్లు కట్టిన గుండ్రటి పాత గోదా ఫోటో చూపింది. నడుమ ఒక ఎద్దు, దాని వీపున రంగురంగుల కర్రలు.

"మా పొలాల అమాసకు గూడ ఎడ్లను గిట్లనే సింగారిస్తం అమ్మా," అన్నాను.

ఆమె నవ్వలేదు. "అవి గుచ్చిన బల్లేలు. జనం చూస్తుండగా ఆటగా చివరికి ఎద్దును పొడిచి చంపేవాళ్ళు. తర్వాత మానేశారు. ఇప్పుడు అక్కడ సంత, పాటలు. ఆదివారం ఊరంతా అక్కడే."

మా ఆయన పోయాక ఎడ్ల జతను అమ్మి ఇక్కడికి వచ్చినదాన్ని, అడగకుండా ఉండలేకపోయాను.

"మరి ఆ ఎడ్లను సాకినోళ్ళు ఆ అంగడికి వస్తరా?"

ఆమె ఫోటోలో గేటు మీద వేలు పెట్టింది. "మా నాన్న సాకేవాడు. సంత రోజున తను గేటు బయటే నిలబడి, ఉల్లిగడ్డలకు నన్ను లోపలికి పంపేవాడు."